పెట్టెలో దుమ్ము

ముందుగా ఒక మనవి. ఇది చెడిపోయిన ఒక ఫ్యాను కథ. ఇంటి పైకప్పుకు వేలాడే ఫ్యాను కాదు. ల్యాప్‌టాప్ పొట్టలో ఎడమ పక్కన, అరచేతిలో సగం చోటుకు సరిపోయే ఫ్యాను. యంత్రాల ముచ్చట్లంటే విసుగు కలిగేవారు నడుమ కొన్ని పేరాలు దాటుకుని వెళ్ళినా నేను నొచ్చుకోను. మరలు విప్పే ఘట్టాన్ని మాత్రం దాటవద్దని కోరుతున్నాను.

2008 వేసవి. హైదరాబాదులో ఒక ఉద్యోగం మానేసి, మరొక దానిలో చేరడానికి రెండు నెలల గడువు ఉండగా బనగానపల్లెకు వచ్చాను. ఊరి పేరు చెప్పగానే ఎవరైనా మామిడిపండు అంటారు. ఆ పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది, సంతోషమే. సినిమాలు చూసేవారు ‘అరుంధతి’ బంగళా అంటారు. 2009లో ఆ సినిమా వచ్చింది మొదలు నవాబుగారి బంగళాకు ఆ పేరే నిలిచిపోయింది. మా ఇంటిని పోషించినది మాత్రం పండూ కాదు, నవాబూ కాదు. నాపరాయి.

మా వైపు నేలను తవ్వితే పొరలు పొరలుగా వచ్చే రాయి అది. భూగర్భశాస్త్రం చదివినవారు దానిని నార్జి సున్నపురాయి అంటారు. యాభై కోట్ల యేళ్ళకు పైబడిన కాలంలో, ఇక్కడ సముద్రం ఉన్నప్పుడు, దాని అడుగున పేరుకున్న సున్నమట. ఈ ప్రాంతపు రాళ్ళ మీద 1872లో విలియం కింగ్ అనే ఆయన పెద్ద గ్రంథం వెలువరించి, అందులో ఒక వరుసకు మా ఊరి పేరే పెట్టాడు. వజ్రాలు దొరికే గులకరాతి పొర ఆ వరుసలోదే. ఆ వజ్రాలు ఎవరెవరికి దొరికాయో గాని, మా వాళ్ళకు దక్కింది దాని మీద పరచుకున్న సున్నపురాయి. మా నాయన పందొమ్మిదో యేట గడ్డపార పట్టుకుని గనిలో దిగి ఇరవై యేళ్ళు బండలు లేపాడు. ఆ తరువాత బండలు కోసి నునుపు చేసే ఒక ఫ్యాక్టరీలో చేరి, లెక్కలు రాస్తూ, మిషన్లు మొరాయించినప్పుడు వాటి సంగతీ చూస్తూ ఉండేవాడు.

ఆ రోజుల్లో మనమందరం ఎలా ఉండేవాళ్ళమో మీకు గుర్తుండే ఉంటుంది. తెరమీద తెలుగు అక్షరం కనబడితే చాలు, ఒళ్ళు పులకరించేది. ఏదో ఒకటి టైపు చేసి దాచెయ్యాలన్న ఆత్రం. పద్యాలు దాచేవారు పద్యాలు, సామెతలు దాచేవారు సామెతలు. నాకు పట్టిన పిచ్చి వేరు. గని గురించి నాయన చెప్పే మాటలను, ఆయన చెప్పినవి చెప్పినట్టుగా ఎక్కించాలనుకున్నాను. సాయంత్రం ఆయన స్నానం చేసి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంటాడు. నేను పక్కన మంచం మీద, బొంత మీద ఒడిపెట్టె పెట్టుకుని కూర్చుంటాను. (ల్యాప్‌టాప్‌కు ఒడిపెట్టె అన్నది నా సొంత కల్పన. ఎవరూ వాడలేదు, నేనూ మానేశాను. ఈ ఒక్కసారికి మన్నించండి.) రోజుకొక ఫైలు. ‘నాయన-1’, ‘నాయన-2’, ఇలా.

ఆరు రోజులు సాగింది. ఏడో రోజు నాయన తన అన్న సంగతి ఎత్తుకున్నాడు. మా పెదనాయనకు కుడికాలు మోకాటి కింద లేదు. గనిలో పోయిందని తెలుసు, ఎలా పోయిందో ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆ సాయంత్రం నేను అడగకుండానే మొదలుపెట్టాడు. గోడకేసి చూస్తూ పావుగంట చెప్పాడు. నా వేళ్ళు ఆయన వెంట పరుగెత్తుతున్నాయి. ఉన్నట్టుండి తెర నల్లబడింది. హెచ్చరిక లేదు, నీలితెర లేదు. దీపం ఊదినట్టు ఆరిపోయింది.

నోటుపాడులో టైపు చేస్తున్నాను. దాచమని చెబితే తప్ప అప్పట్లో అది దేనినీ దాచేది కాదు. నేను చెప్పలేదు.

పోనీ, విన్నది గుర్తుందా అంటే అదీ లేదు. వేగంగా టైపు చేసే మనిషి వినడు. మాట చెవిలోంచి వేళ్ళలోకి జారిపోతుంది, మనసులో ఆగదు. ఈ సంగతి నాకు ఆ నాడే తెలిసింది. ‘ఆ పొద్దు తెల్లారి మబ్బుగా ఉన్నింది’ అన్న మొదటి వాక్యం, నడుమ ఎవరిదో ఎద్దులబండి, అంతే మిగిలాయి. ‘నాయనా, మళ్ళీ ఒకసారి చెప్పవా’ అంటే, ‘చెప్పినాను గదరా’ అని లేచి లోపలికి పోయాడు. పెట్టె ఆరిపోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మర్నాడు పొద్దున్నే దాని పని పట్టడానికి కూర్చున్నాను.

మొదట కరెంటును అనుమానించాను. మా వీధిలో వోల్టేజి ఉయ్యాల ఊగుతుంది, దానిని అనుమానించడం మాకు జన్మహక్కు. బ్యాటరీ తీసేసి కరెంటు మీద నడిపాను, పన్నెండు నిమిషాలకు ఆరింది. కరెంటు పీకేసి బ్యాటరీ మీద నడిపాను, పన్నెండు నిమిషాలే. రెండూ నిర్దోషులని తేలింది. తరువాత వైరస్ అనుకున్నాను. వైరస్‌ను వెతికే ప్రోగ్రాము నడిపితే ఏడు నిమిషాలకే ఆరింది. మూడుసార్లు నడిపినా వెతకడం పూర్తి కాలేదు. ఆ వెతుకులాటే యంత్రానికి పెద్ద చాకిరీ అనీ, చాకిరీ పెరిగితే వేడి పెరుగుతుందనీ అప్పటికి నాకు తట్టలేదు.

దారి చూపింది గడియారమే. ఆరిన వెంటనే మళ్ళీ వెలిగిస్తే మూడు నిమిషాలకు ఆరుతుంది. అరగంట ఊరకుంచి వెలిగిస్తే పన్నెండు నిమిషాలు నడుస్తుంది. తెల్లవారుజామున మిద్దె మీద, కాస్త గాలి తిరిగే వేళ వెలిగిస్తే ఇరవై రెండు నిమిషాలు నడిచింది. వైరస్‌కు పగలూ రాత్రీ తేడా ఉండదు. విరామం ఇస్తే ఎక్కువసేపు, చల్లటి వేళ ఇంకా ఎక్కువసేపు అంటే అది వేడి తప్ప మరొకటి కాదు.

ప్రాసెసరు వేడిని చూపించే చిన్న ప్రోగ్రాము ఒకటి దించుకుని పెట్టాను. వెలిగించగానే 58 డిగ్రీలు. రెండు నిమిషాలకు 71. అయిదు నిమిషాలకు 84. తరువాత నెమ్మదిగా 90, 93, 96, చీకటి. ప్రాసెసరులోనే ఒక ఉష్ణమాపకం ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ అది ముందు తన వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ లాభం లేకపోతే, కాలిపోకుండా యంత్రం తన్ను తాను ఆర్పేసుకుంటుంది. నేను తెగులు అనుకున్నది నిజానికి దాని ఆత్మరక్షణ.

హైదరాబాదులో లేని జబ్బు ఇక్కడికి రాగానే ఎందుకు వచ్చిందన్నది తరువాతి ప్రశ్న. ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. ఫ్యాను దేనినైనా గదిలోని గాలి కన్నా చల్లబరచలేదు. గది 27 డిగ్రీలుండగా ప్రాసెసరు 62 దగ్గర కుదురుకుందనుకోండి, తేడా 35. అదే పనికి గది 42 డిగ్రీలుంటే అది 77 దగ్గర కుదురుకుంటుంది. వేసవిలో మా ఊళ్ళో 42 అంటే మర్యాదైన రోజు. కాబట్టి కొంత ఎండ పుణ్యమే. అయితే 77కు, 96కు నడుమ ఇంకా చాలా దూరం ఉంది. ఆ మిగతా దానికి కారణం లోపల ఉండాలి.

ఫ్యాను మీద అప్పటిదాకా నాకు అనుమానం రాకపోవడానికి కారణం దాని అరుపు. పెట్టె వెలిగించిన నిమిషానికి గిర్రుమని మొదలుపెడితే ఆరిపోయేదాకా ఆపదు. ఇంత అరిచేది పని చేయకుండా ఎలా ఉంటుందని నా ధీమా. గాలి బయటికి వచ్చే ఎడమపక్క చీలికల దగ్గర చేయి పెట్టి చూశాను. వేడిగాలి కొట్టాలి కదా, ఏమీ లేదు. పెట్టె అడుగు మాత్రం ఇస్త్రీపెట్టెలా కాలుతోంది. అమ్మ పూజ దగ్గరి నుంచి ఒక అగరవత్తి తెచ్చి, పెట్టెను పక్కకు ఎత్తి, అడుగున గాలి పీల్చే చిల్లుల దగ్గర పట్టుకున్నాను. పొగ చిల్లుల చుట్టూ తారాడి, ఏ కొంచెమో లోపలికి పోయి, మిగిలింది నా ముక్కులోకి వచ్చింది. ఎడమపక్క చీలికల నుంచి మాత్రం పొగ రాలేదు. ఫ్యాను తిరుగుతోంది, గాలి కదలడం లేదు. అంటే దారి మూసుకుపోయింది.

సాయంత్రం నాయన వచ్చి ఇదంతా కాసేపు చూశాడు. ముందు రోజు సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

‘అది యట్ల అరుస్తాండాదో యినపడతాండాదా నీకు?’ అన్నాడు.

‘ఫ్యాను నాయనా. జోరుగా తిరుగుతాంది.’

‘జోరు సప్పుడు గాదురా అది. స్క్రూడ్రైవరు దే.’

తెచ్చాను. దాని మొనను పెట్టె మీద ఫ్యాను ఉన్నచోట ఆనించి, పిడిని చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఫ్యాక్టరీలో మోటారు బేరింగు బాగుందో లేదో ఆయన చూసే పద్ధతి అది. డాక్టరుగారి గొట్టం చేసే పనే ఇనుపకడ్డీ చేస్తుంది. కాసేపటికి పిడిని నాకిచ్చి వినమన్నాడు. గిర్రుమనే చప్పుడు వెనకాల మరొకటి వినబడింది. ఎండిన కొబ్బరిచిప్పలో ఇసుక వేసి తిప్పినట్టు.

‘బేరింగు ఎండిపోయినాది. ఇంగ దారి గూడా పూడుకున్నాదేమో, ఇప్పి సూడు’ అన్నాడు.

నాలుగు రోజులు అంతర్జాలంలో దేశదేశాల నిపుణుల సలహాలు చదివినవాడిని నేను. నాలుగు నిమిషాల్లో జబ్బు పేరు చెప్పినవాడు నాయన. కొంత చిన్నతనంగా అనిపించిన మాట వాస్తవం.

విప్పడం అమ్మ ఎత్తుపీట మీద జరిగింది. పాత దినపత్రిక పరచి, దాని మీద పెట్టె అడుగుభాగం బొమ్మ గీసి, ఏ మర ఎక్కడిదో ఆ చోటే పెడుతూ వచ్చాను. ఈ ఒక్క ఉపాయం మాత్రం నాది. పదిహేడు మరలు, మూడు పొడవులు. పొట్టిమర చోట పొడుగుమర బిగిస్తే అది లోపలి పలకను పొడుచుకుని పోతుంది. మరలు తీశాక కీబోర్డును పైకి లేపాలి. దాని కింద పలుచని పట్టీ తీగ ఒకటి ఉంటుంది, దానిని లాగకూడదు, తాళపు నాలుకను ఎత్తి జార్చాలి. అంతసేపూ పక్కన కోసిపెట్టిన మామిడిముక్కల పళ్ళెం అలాగే ఉంది. రసం చేతులతో ముట్టుకుంటే అమ్మ ఊరుకున్నా పెట్టె ఊరుకోదు.

కీబోర్డు కింద ఫ్యాను, దాని పక్కనే రాగిరేకుల వరుస, అక్కడినుండి ప్రాసెసరు దాకా చదునైన రాగిగొట్టం. ఈ గొట్టం గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. లోపల గాలి తీసేసి బొట్లంత నీరు పోసి మూసేస్తారు. ప్రాసెసరు దగ్గర ఆ నీరు ఆవిరవుతుంది, రేకుల దగ్గరికి పోయి చల్లబడి మళ్ళీ నీరవుతుంది, గొట్టం లోపలి గోడకున్న సన్నని ఒత్తు వంటి పొర వెంట వెనక్కు పాకుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు. 1963లో అమెరికాలోని లాస్ ఆలమస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ చేసి చూపినది. అంతరిక్ష నౌకల్లోనూ పనికివచ్చింది. గాలిలేని చోట నీరు చేయి తగిలిన వెచ్చదనానికే మరుగుతుంది కాబట్టి ఈ పని సాగుతుంది. గొట్టం తన పని నిక్కచ్చిగా చేసి వేడిని రేకుల దాకా మోసుకొస్తోంది. రేకుల దగ్గర ఆగిపోయింది.

రేకులకూ ఫ్యానుకూ నడుమ ఒక గోడ లేచి ఉంది. దుమ్ము అంటే పొడి అనుకున్నాను. పొడి కాదు, కంబళి ముక్కలా అల్లుకుపోయి ఉంది. పట్టకారుతో అంచు పట్టుకుని లాగితే చింపిన గుడ్డపీలికలా మొత్తం ఒక్కటిగా వచ్చింది. ఇది ఎలా తయారవుతుందో అప్పుడు అర్థమైంది. ఒట్టి పొడి అయితే రేకుల సందుల్లోంచి చాలావరకు బయటికి కొట్టుకుపోతుంది. ముందు నూలుపోగులు వచ్చి రేకులకు అడ్డంగా చిక్కుకుంటాయి. ఆ వలలో పొడి నిండుతుంది. పోగులు ఎక్కడివంటే నా బొంతవీ, తలగడలోని బూరుగుదూదివీ. పడక మీద పెట్టె పెట్టుకోవడమంటే దాని నోరు బొంతలో కుక్కి ఊపిరి తీసుకోమనడమే. పోగులు నావి, ఒప్పుకుంటాను.

పొడి నాది కాదు. అది తెల్లగా ఉంది. హైదరాబాదు దుమ్ము నల్లగా జిడ్డుగా ఉంటుంది, నాకు బాగా తెలుసు. నాయన ఆ పీలికను అందుకుని, బొటనవేలితో చూపుడువేలితో నలిపి, వెలుతురుకు పెట్టి చూశాడు.

‘ఇది మన రాయే’ అన్నాడు.

బండలను నీళ్ళు పోస్తూ కోస్తారు. తడి మీద కోస్తాము కాబట్టి దుమ్ము లేవదని ఫ్యాక్టరీలవాళ్ళు చెబుతారు, కోసేటప్పుడు నిజంగానే అంతగా లేవదు. పాలవంటి తెల్లటి బురద కారుతుంది. ఆ బురదను తెచ్చి బాటల పక్కన, వంకల్లో పోస్తారు. అది రెండురోజుల ఎండకు ఆరుతుంది. ఆ తరువాత వచ్చే ప్రతి గాలీ, ప్రతి లారీ దానిని ఊరిమీదికి ఎత్తిపోస్తుంది. మా ఇంటి ముందు వేపచెట్టు వానాకాలంలో పచ్చగా ఉండి వేసవిలో బూడిదరంగుకు తిరుగుతుంది. చిన్నప్పటి నుండి చూస్తున్నది కాబట్టి చెట్లకు అది వేసవి రంగు కాబోలనుకునేవాణ్ణి.

పళ్ళుతోముకునే బ్రష్షుతో రేకులన్నీ దులిపాను. సైకిలు షాపులో గాలిపంపు ఉంది, దానితో కొట్టిద్దామంటే నాయన వద్దన్నాడు. పంపుగాలిలో తడి ఉంటుందట, ఫ్యాను అదుపు తప్పి తిరిగి బేరింగు పూర్తిగా పోతుందట. ఫ్యానును గాలితో తిప్పితే మోటారు తానే కరెంటు పుట్టించి పలక మీదికి తోస్తుందని తరువాత చదివాను. గాలి కొట్టక తప్పనప్పుడు రెక్కలను పుల్లతో ఆపి కొట్టాలి.

ప్రాసెసరు మీది పూత ఎండి, పాతగోడ సున్నంలా పెచ్చులు లేస్తోంది. రెండు లోహాలను నునుపు చేసినా వాటి నడుమ కంటికి కనబడని సందులుంటాయి. ఆ సందుల్లో గాలి నిలిస్తే వేడి దాటదు, వాటిని పూడ్చడానికే ఆ పూత. బనగానపల్లెలో థర్మల్ పేస్టు ఎక్కడ దొరుకుతుందని దిగులుపడుతుంటే, టీవీలు బాగుచేసే భాయ్ దగ్గరికి వెళ్ళమన్నాడు నాయన. ‘దీన్ని ఏంటికి వాడతావు అన్నా?’ అంటూనే ఆయన తెల్లటి లేహ్యమున్న చిన్న డబ్బీ తీశాడు. టీవీల్లో వేడెక్కే ట్రాన్సిస్టరుకూ రేకుకూ నడుమ రాసేది అదే. కాగితంలో కాస్త పెట్టి ఇచ్చి, డబ్బులిస్తే నవ్వాడు. నేను ధారాళంగా పూయబోతే నాయన చేయి అడ్డం పెట్టాడు. ‘బియ్యపు గింజంత సాలు. సున్నం ఎక్కువైతే బండ పట్టుకోదు, జారతాది.’ గని జ్ఞానమో గోడకట్టే జ్ఞానమో గాని, ఆ సలహాకు ఇంతవరకూ సవరణ చేయవలసిన అవసరం రాలేదు.

బిగించి వెలిగిస్తే 69 దగ్గర నిలిచింది. గంట నడిచింది. ఎనిమిదో ఫైలు మొదలుపెట్టాము.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే నేను ఇది రాసేవాణ్ణి కాను. బేరింగు సంగతి అలాగే ఉండిపోయింది. అయిదోనాడు పొద్దున వెలిగించగానే నల్లటి తెరమీద ‘ఫ్యాన్ ఎర్రర్’ అని రెండే మాటలు కనబడి పెట్టె ఆరిపోయింది. ఈ ఫ్యానుకు మూడు తీగలు. రెండు కరెంటువి. మూడోది కబురు మోసేది, రెక్కలు ఎన్నిసార్లు తిరిగాయో దాని వెంట ఎప్పటికప్పుడు తెలుస్తుంది. వెలిగించిన తొలి క్షణాల్లో ఆ కబురు రాకపోతే మా పెట్టె లేవనని మొండికేస్తుంది. మళ్ళీ విప్పి, ఫ్యాను నడుమ అంటించిన కాగితపు బిళ్ళను గోటితో లేపి, అమ్మ కుట్టుమిషను నూనె ఒక్కటంటే ఒక్క చుక్క వేసి, బిళ్ళ అంటించాను. తిరిగింది. ఇది శాశ్వత వైద్యం కాదు. పలుచని నూనె కొద్దివారాలకే ఎగిరిపోతుంది, మళ్ళీ వేయాలి. కొబ్బరినూనె మాత్రం వేయకండి, అది గడ్డకట్టి ఉన్నది కాస్తా పోతుంది. (నేను వేయలేదు. వేసినవారిని ఎరుగుదును.)

కొత్త ఫ్యాను కోసం సికిందరాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాపుల ఉండే స్నేహితుడికి ఫోను చేశాను. నా పెట్టె మోడలు పేరు చెప్పానే గాని ఫ్యాను వీపున రాసి ఉన్న అంకె చెప్పలేదు. ఒకే మోడలులో రెండు రకాల ఫ్యాన్లు ఉంటాయని నాకేం తెలుసు? బస్సులో వచ్చిన పార్సిలు విప్పితే ఫ్యాను సరిపోయింది, కొస మాత్రం వేరు. పాత కొసను కోసి, తీగకు తీగ అతికి, భాయ్ దగ్గర మాటు వేయించి బిగించాను. తీగల రంగులు ఒకటే అయినా వరుస ఒకటి కాకపోవచ్చు, అతకబోయే ముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఇంకొకటి, బొంత మానేసి పెట్టెను నేలమీద పెట్టమన్నది నాయనే. మా ఇంటి నేల నాపబండలే, మే నెలలో కూడా నీడపట్టున అరికాలికి చల్లగా తగులుతాయి. గాలికి సందుండేలా నాలుగు మూలలా నాలుగు అగ్గిపెట్టెలు పెట్టాను. వేడి ఇంకో నాలుగు డిగ్రీలు దిగింది.

కొత్త ఫ్యాను తిరుగుతోందో లేదో చెవి ఆనిస్తే గాని తెలియదు. అంత నెమ్మది. ఆ రాత్రి కరెంటు ఉంది, ఉక్కకు నిద్ర పట్టక వరండాలో కూర్చుని పాత ఫైళ్ళలో తప్పులు దిద్దుకుంటున్నాను. పదకొండు దాటింది. లోపలి గదిలోంచి దగ్గు వినబడింది. ఆగింది. మళ్ళీ వినబడింది. పొడిదగ్గు, ఒకటి మొదలైతే అయిదారు వరుసగా, చివర్న పిల్లికూత వంటి ఊపిరి. ఒంటిగంట దాకా లెక్కపెట్టాను. నేను వచ్చి నెల దాటింది. రోజూ ఆ వేళకు అదే చోట కూర్చున్నాను. ఇన్ని రాత్రులూ ఫ్యాను అరుపు తప్ప నాకు మరొకటి వినబడలేదు.

పొద్దున అమ్మను అడిగితే, ‘రెండేండ్లాయె నాయనా. సలికాలం ఎక్కువ, ఎండకాలం తక్కువ’ అంది, వానల సంగతి చెబుతున్నట్టు.

ఫ్యానుకు అగరవత్తి పరీక్ష చేశాను, గడియారం పెట్టాను, నిమిషానికి ఎన్ని డిగ్రీలో రాసుకున్నాను. ఆ కాగితాలు ఎత్తుపీట మీద ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని తీసి బీరువాలో పెట్టేశాను.

ఆయనను కర్నూలు తీసుకుపోవడానికి వారం పట్టింది. ‘ఏమైనాదిరా నాకు’ అని ఒక రోజు, ఫ్యాక్టరీలో సరుకు పోవాలని ఒక రోజు. చివరికి అమ్మ అన్నం తిననని కూర్చుంటే కదిలాడు. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరుగారు దానిని వెలుగు పలక మీద పెట్టి, ‘పొగ తాగుతారా పెద్దాయనా?’ అని అడిగారు. జన్మలో ముట్టలేదన్నాడు. ‘ఏం పని?’ అన్నారు. చెప్పాడు. ఆయన ఇంకేమీ అడగకుండా మందులు రాస్తూ, ఫ్యాక్టరీకి పోవడం ఈ నెలతో మానాలని, పీల్చే మందు రోజూ మానకూడదని చెప్పారు. ఉన్నది పోగొట్టలేము, పెరగకుండా చూడవచ్చన్నారు. నాయన తలాడించి, ‘పుణ్యముంటాది సార్’ అని లేచాడు.

తరువాత ఏడేళ్ళున్నాడు. 2015 చలికాలంలో పోయాడు. ఫైళ్ళు ముప్పై ఒకటి అయ్యాయి. ఇప్పుడు అయిదు చోట్ల దాచాను. ఆ పెట్టె ఇంకా వెలుగుతుంది, యేటా ఒకసారి విప్పి దులుపుతాను. హైదరాబాదు దుమ్మే వస్తుంది, నల్లది. వరుసలో ఆరు తరువాత ఎనిమిది ఉంటుంది.

కర్నూలు నుంచి తిరుగు బస్సులో కిటికీ పక్కన ఆయన, ఇవతల నేను, ఒడిలో ఎక్స్‌రే కవరు. చాలాసేపు మాట్లాడలేదు. ఓర్వకల్లు దగ్గర, బాట పక్కన రాళ్ళగుట్టలు కనబడగానే నవ్వాడు.

‘నీ పెట్టెకు మరలుండాయి గనక ఇప్పి దులిపినావు. నాకు యాడుండాయిరా మరలు?’

ఏం చెప్పాలో తెలియక కవరు సర్దుకున్నాను. మరి కొంతసేపటికి, నా వైపు తిరగకుండానే, ‘మీ పెదనాయన కత ఆ పొద్దు నీ పెట్టెలో ఎక్కల్యా గదూ?’ అన్నాడు.

‘ఎక్కలేదు నాయనా. ఆరిపోయింది.’

‘సూసినాలే’ అన్నాడు. ‘ఆ పొద్దు తెల్లారి మబ్బుగా ఉన్నింది. మీ పెదనాయన నా కంటే ముందే లేసి...’

పాణ్యంలో బస్సు ఆగితే దిగి రెండు టీలు తెచ్చాను. తన గ్లాసు తాగకుండా రెండు చేతులతో పట్టుకుని, బస్సు కదిలాక కూడా చెబుతూనే ఉన్నాడు. నేను ఒక్క ముక్క రాసుకోలేదు. ఇంటికి చేరేసరికి చీకటి పడింది. ఆ రాత్రి పెట్టె తెరవలేదు. ఏడో ఫైలు ఇప్పటికీ లేదు.